గోడవతలి డైసీ పిలకలు

మొన్న తిరుపతిలో ఆటో దిగుతుంటే, నర్సరీ ముందు నల్ల సంచుల్లో తెల్ల డైసీలు కనిపించి, నలభై ఏళ్ల కిందటి మా చిత్తూరు పెరడూ, అందులో పూలతో పాటు నేను పెంచుకున్న అనుమానమూ గుర్తొచ్చాయి.

నా చదువు పదో తరగతితో ఆగినా గ్రంథాలయానికి వెళ్లడం ఆగలేదు. తోటల మీద ఒక లావుపాటి పుస్తకాన్ని, ఇంటికి ఇవ్వరు గనుక, అక్కడే కూర్చుని నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేదాన్ని. ఒకసారి నాటితే ఏటేటా వేరు నుంచే చిగురించే డైసీలను, మన ఎండలకు నిలవవని అందరూ అన్నా, బావి పక్క నీడలో నిలబెట్టి, ఆ గర్వంతో రోజూ పొద్దున్నే కాడలు లెక్కపెట్టుకునేదాన్ని. రెండో ఏడు వానలు పడ్డాక దుబ్బులు సన్నబడినట్టు తోచింది. మట్టి కూడా కొత్తగా కదిలినట్టుంది. పక్కింటి అక్క మాట్లాడుతూ మాటిమాటికీ అటే చూస్తోందనిపించింది. నన్ను మొదట గ్రంథాలయానికి వెంటబెట్టుకుపోయింది ఆమే. అయినా ఆమె పలకరింపులోనూ, గిన్నెలో పంపిన పులుసులోనూ ఏదో దాపరికం ఉన్నట్టే ఉండేది. ఒకరోజు వాళ్ల పెరట్లో అవే ఆకులు కనబడగానే, అడిగితే ఇవ్వనా అక్కా అని, వీధిలో నలుగురూ వినేలా అనేశాను.

ఆమె మొక్కలన్నీ మట్టితో సహా పెళ్లగించి గోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అది చూసి మా అత్తగారు తల పట్టుకున్నారు. "ఓసి నా తల్లీ, పిలకలు తీసిచ్చినది నేను గదే! నీకు చెప్తే తియ్యనిస్తావా? దుబ్బు ఇరుకైతే నడిమిన కుళ్లిపోతాది. అంత పుస్తకంలో ఈ ముక్క లేదా?"

ఉంది. మరునాడు పోయి చూస్తే, నేను రాసుకోవడం ఆపిన చోటికి తర్వాతి పేజీలోనే ఉంది. పిలకలు బుట్టలో పెట్టుకుని అక్క గడప ముందు నిలబడ్డాను.

"వద్దులే చెల్లీ," అంది నవ్వుతూనే. "ఈడ పెరిగితే మళ్లా నీ లెక్క తప్పుతాది."

తర్వాత కూడా ఎదురుపడితే పలకరించేది గానీ, గోడ దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు.

అప్పటినుంచి పిలకలు తీసినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఇవ్వందే నాకు తోచదు. ఈమధ్య మా పైవాటాలో దిగిన అమ్మాయికి ఇవ్వబోతే, "ఊరికే ఎందుకిస్తా ఉండారు ఆంటీ?" అని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. కాకపోతే ఆ రోజుల్లో అలా చూసేదాన్ని వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే.