అక్క పేరు చెరిపిన మేనత్త

మా మేనత్త పోయిందని ధర్మవరానికి కార్డు వచ్చేసరికి, హిందూపురంలో ఆమెను మట్టి చేసి మూడు రోజులైంది. రాసినది ఇత్తడి పాత్రల అంగడి షావుకారు. బేస్తవారం పొద్దున కాలం చేసిందనీ, నా చిరునామా దొరకడం ఆలస్యమైందనీ రెండే వాక్యాలు. కార్డు చదివి, మడిచి, బడికి పోయాను. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పాను. ఏడుపు రాలేదు. ఆమె కోసం ఏడ్చే హక్కును తొమ్మిదేళ్ల కిందట నేనే పోగొట్టుకున్నాను. ఆమె గురించి నాలుగు మాటలు రాయవలసిన మనిషిని నేను కాదు. కానీ రాసేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

ఆమె మా నాయనకు అక్క. మామ ఆ అంగడి అరుగు మీద కూర్చుని పాత్రలకు పేర్లు కొట్టేవాడు. పక్షవాతం వచ్చి ఆయన చెయ్యి పడిపోతే, ఆ ఉలీ సుత్తీ అత్త అందుకుంది. ఆయన పోయాక కూడా అరుగు దిగలేదు. బజార్లో మగవాళ్ల మధ్య కూర్చుంటుందని అన్నవాళ్లు అన్నారు. అన్నవాళ్లే తమ కూతుళ్ల పెళ్లి సామాను తెచ్చి ఆమె ముందు పెట్టారు.

చెన్నేకొత్తపల్లి దగ్గరి మా పల్లెలో హైస్కూలు లేదు. అందుకని నన్ను అత్త ఇంట్లో ఉంచారు. ఆమెకు పిల్లలు లేరు. బడి లేనప్పుడు అన్నం క్యారియరు తీసుకుని అంగడికి పోయి, ఆమె పని చూస్తూ కూర్చునేదాన్ని. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క. అక్షరం ముత్యాల పేరులాగా తేలేది.

పేరు రాసిన చీటీ ఇస్తే ఆమె తీసుకునేది కాదు. "నోటితో చెప్పండప్పా, ఇనల్ల నేను" అనేది. ఆ బిందె ఎవరు మోస్తారు, ఆ చెంబుతో ఎవరు తాగుతారు, ఇంట్లో వాళ్లను ఏమని పిలుస్తారు, అన్నీ అడిగేది. లేపాక్షి వైపు నుంచి వచ్చిన ఒక రైతు చిన్న చెంబు మీద తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరి పేరు వేయమన్నాడు. "ఏమప్పా, మీ వంశమంతా ఈడ కూర్చుంటే నీళ్లు యాడ పోస్తావు?" అంది. ఇంకొకాయన పెండ్లాం బిందె మీద తన పేరొక్కటే కొట్టమంటే, "మోసేది నువ్వయితే కొడతా" అని బిందె పక్కకు నెట్టింది. ఆమె నోరు అంత మంచిది కాదు. కొనడానికి వచ్చినవాళ్లు కొందరు మొహం మాడ్చుకుని పోయేవాళ్లు.

"పేరు కొడితే సొంతమైపోదు పాపా. దినామూ తోమి వాడుకుంటే అయితాది" అనేది నాతో.

నయా పైసలు వచ్చిన ఏడాది మా అక్కకు పెనుకొండ సంబంధం కుదిరింది. బిందెలు, తపేలాలు, గంగాళం అన్నీ కలిపి పదకొండు. అత్త అందరినీ అడిగినట్టే అక్కనూ అడిగింది, ఏ పేరు కొట్టమంటావని. అక్క సిగ్గుపడుతూ, "ఇంట్లో పిలిచే పేరే కొట్టత్తా. ఆడ నన్నెవరూ ఆ పేరుతో పిలవరు గదా" అంది. అత్త అట్లాగే కొట్టింది.

రెండేళ్లకు అక్క కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. దానికి నెల ముందు సంతకు పెనుకొండ పోయిన అత్త, నిండు గర్భిణి అయిన అక్క రెండు బిందెలతో గట్టెక్కుతుంటే చూసి, ఇంటికి పోయి అక్క అత్తగారిని అడిగింది. "మేమంతా మోసి కనలేదా వదినా?" అందట ఆయమ్మ.

దినాలు కాగానే ఆయమ్మ మా పల్లెకు వచ్చింది. చిన్నదాన్ని, అంటే నన్ను, ఇమ్మంది. "సామానంతా మీ బిడ్డదే. చెల్లెలొస్తే అన్నీ అట్లనే ఉంటాయి" అంది. నాయన తల ఊపాడు. అమ్మ కూడా ఊపింది. కబురు తెలిసి అత్త మొదటి బస్సుకే వచ్చింది.

"ఒకదాన్ని సంపినారు, సాల్లేదా? దీని పరీక్ష అయిపోవల్ల. ఇది చదువుకోవల్ల. కాదంటే నేను కోర్టుకు పోతా" అని వాకిట్లో నిలబడి కేకలు వేసింది. ఊరంతా వినింది. నాయన పరువు పోయిందని తిట్టాడు కానీ, సంబంధం మాత్రం ఆగిపోయింది.

ఆ కసి తీర్చుకోవడానికి ఆయమ్మ ఏడాది ఆగింది.

అంగట్లో అత్తకు అన్నం పెడుతున్నాను. గోనెసంచులతో ఆయమ్మ దిగింది. వెనక మా బావ, ఆయన వెనక కొత్త పెళ్లికూతురు. పదహారేళ్లు ఉంటాయేమో. పేదింటి పిల్ల, ఏమీ తెచ్చుకోలేదు. ఆయమ్మ సంచులు విప్పి అరుగు మీద కుమ్మరించింది. అక్క బిందెలు.

"వదినా, నువ్వు కొట్టిన పేరే. నువ్వే చెరుపు. ఈ పాప పేరు కొట్టు."

షావుకారే లేచి, ఇంకెక్కడికైనా పోండని చెప్పాడు. "మాకు ఈయమ్మే కావల్ల" అని ఆయమ్మ బల్ల మీద కూర్చుంది. బావ సోడా అంగడి వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను అత్త చెయ్యి పట్టుకుని, "వద్దత్తా" అన్నాను.

అత్త ఆ పిల్లనే చూస్తోంది. "నీ పేరేంది పాపా?"

ఆయమ్మ చెప్పబోయింది. "నోరు ఆ పాపకుండాది, ఆ పాపను చెప్పనీ" అంది అత్త.

ఆ పిల్ల చెప్పింది. చెప్పి, బిందె మీద చుక్కల్ని వేలితో తడుముతూ, "ఈయమ్మ ఎట్లుండేది?" అని మెల్లగా అడిగింది.

"నీ మాదిరే ఉండేది" అంది అత్త. తింటున్న కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆకురాయి తీసింది.

పదకొండు పాత్రలు. సాయంత్రం దాకా గీకుతూనే ఉంది. లోపలి నుంచి సుత్తితో అణిచి, పైన ఆకురాయితో రుద్ది, మళ్లీ అణిచి. ఆయమ్మ ఒక్కొక్కటే ఎండలోకి ఎత్తి చూసేది. "ఇంకా కనపడతాంది వదినా, ఇంకొంచెం గీకు." అత్త మళ్లీ గీకేది. వేళ్ల సందుల్లో నెత్తురు కారింది. ఆ చేత్తోనే, చెరిగిన చోట ఆ పిల్ల పేరు కొట్టింది. నేను ఆ పొద్దంతా అక్కడే నిలబడ్డాను. నా కళ్ల ముందే మా అక్క పేరు పొడి పొడిగా అరుగు మీద రాలింది.

ఇంటికి వచ్చాక అరిచాను. నీకు చెయ్యెట్లా వచ్చిందని అడిగాను.

"ఆ పాప దినామూ నీళ్లు మోయల్ల పాపా. సచ్చినదాని పేరు నడుము మీద పెట్టుకోని ఎట్ల మోస్తాది? ఆ ముసల్ది నన్ను ఏడిపియ్యను వచ్చింది. ఆ కోపం ఈ పాప మీద చూపిస్తే నాకూ దానికీ తేడా యాడుండాది?"

"అక్క నీ కడుపున పుట్టలేదు, అందుకే చెరిపినావు. నీకు బిడ్డలుంటే తెలిసేది" అన్నాను.

అత్త నా కంచంలో ముద్ద పెట్టి, చారు పోసి, తాను తినకుండా పడుకుంది. మరునాడే నేను ట్రంకుపెట్టె సర్దుకుని పోయాను. పరీక్ష దాకా ఇంకొకరి ఇంట్లో ఉన్నాను. అమ్మ తన గడప తొక్కవద్దని ఆమెకు కబురు పంపింది. తర్వాత ట్రైనింగు, ధర్మవరంలో ఉద్యోగం. అత్త నాకు మూడు కార్డులు రాసింది. నేను జవాబు రాయలేదు.

అరుగు ముందు ఆ రోజు ఆ పిల్ల నిలబడింది. అంతకు ముందు మా వాకిట్లో అత్త నోరు చేసుకోకపోయి ఉంటే, ఆ పెనుకొండ ఇంట్లో నీళ్లు మోస్తూ నేను ఉండేదాన్ని. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను ఆ మాట. కొత్తగా బడిలో చేరిన పిల్లల్ని ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగి, ఆ పేరుతోనే పిలుస్తాను. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో తోటి టీచర్లకు ఏనాడూ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం ఏదో మీటింగుకని హిందూపురం పోయాను. ఆమెను చూడకుండానే సాయంత్రం రైలెక్కాను. ఎవరు చెప్పారో, ఆమె స్టేషనుకు వచ్చింది. చూపు చాలావరకు పోయిందని అప్పుడే తెలిసింది. కర్ర తాటించుకుంటూ, ఒక్కో కిటికీ దగ్గర ఆగి నా పేరు పెట్టి పిలుస్తోంది. "మా తమ్ముని బిడ్డమ్మా, ధర్మవరంలో టీచరు. ఈ పెట్టెలో ఉండాదా?" నా కిటికీ దగ్గరా ఆగింది. చెయ్యి చాపితే అందే దూరం. పిలిచింది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఆమె ముందుకు పోయింది.

రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేను లేని ఒక పెట్టె వైపు తిరిగి ఆమె చెయ్యి ఊపింది. ఆ పెట్టెలో నుంచి ఎవరో పరాయి ఆడమనిషి, పాపం అనుకుందేమో, చెయ్యి బయటికి చాపి తానూ ఊపింది.