గేటు దాకా వెళ్లే ముత్యాలమ్మ

మా కొండమీది ఆసుపత్రిలో ముత్యాలమ్మ పదిహేడేళ్లు ఆయాగా పనిచేసింది. నర్సునైన నేను మందులిచ్చి, ఎలా వాడాలో తెలుగులో గబగబా చెప్పి, "అర్థమైందా?" అని అడిగేదాన్ని. అందరూ "అయింది" అనేవాళ్లు. నర్సమ్మ ముందు కాలేదనడం ఇక్కడ మర్యాద కాదు. నేను ఘనకార్యం చేసినట్టు 'వివరించాం' అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని.

ముత్యాలమ్మ చీపురు పక్కన పడేసి వాళ్ల వెనకే గేటు దాకా వెళ్లేది. "నర్సమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పు" అని వాళ్ల కువి భాషలో అడిగేది. సగం మంది తప్పు చెప్పేవాళ్లు. ఒకామె జ్వరం బేగి తగ్గాలని సీసా మందంతా బిడ్డకు ఒకేసారి పట్టిస్తానందట. అలాంటివాళ్లను మళ్లీ నా దగ్గరికి లాక్కొచ్చేది. "ఊడవడం మానేసి ఈ పెత్తనమేంటి?" అని కసిరేదాన్ని.

నిరుడు ఆమె కాంట్రాక్టు అయిపోయింది. గేటు దాకా వెళ్లే పని ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఇంకెవరినీ పెట్టలేదు.

ఈ వానాకాలం ముత్యాలమ్మే సుగరుతో వచ్చింది. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో చూపించాను. తినని పూట సూది వద్దని కూడా చెప్పాను, అన్నిటితో కలిపి ఒక్క ఊపిరిలో. ఏదో అడగబోయి, వెనక పెరుగుతున్న లైను చూసి ఆగింది.

"అర్థమైందా?"

"అయిందమ్మా."

టిక్కు పెట్టాను.

నాలుగో రోజు ఆమె కూతురు నిర్మల వచ్చింది. "పొద్దున లేపితే అమ్మ లెగలేదు. సుగరని రెండ్రోజులుగా గంజి ముట్టనేదు. సూది మాత్రం, నువ్వు సెప్పినట్టే, ఒక్కపూటా మాన్లేదమ్మా."