శివారు పాట

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు, అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. కుడి పక్క వంత లోకం సంగతులు మాట్లాడాలి, ఎడమ పక్క వంత నవ్వించాలి. అసలు ఉద్యోగం మాత్రం ఇద్దరిదీ ఒకటే: కథకుడు ఏమన్నా "తందాన తాన" అనడం. బందరు కాలేజీలో చదివే రోజుల్లో మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు మా మాస్టారికి నేను ఎడమ పక్క వంతని. మామూలు రోజుల్లో బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, సెలవు రోజుల్లో ఆయన చెప్పినదానికల్లా తాళం వేసేదాన్ని. రెండో పనే తేలిక.

మాస్టారంటే ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పాట కట్టి నలుగురికి నేర్పేవాణ్ణి మా వైపు మాస్టారనే అంటారు. ఆయన పుట్టింది దివిసీమలో, కాలవ చిట్టచివర, మా పక్క ఊళ్ళో. పెళ్ళయ్యాక ఇల్లరికం వెళ్ళారు. అత్తవారి ఊరు కూడా అదే కాలవ మీద, మాకు బాగా ఎగువన ఉంటుంది. పొలం అత్తవారిది, గొంతు ఆయనది.

ఆయన చెప్పని నీతి లేదు. గుడివాడలో పొగాకు మానమని రెండు గంటలు కథ చెప్పి, దిగి వచ్చి స్టేజి వెనకాల చుట్ట వెలిగించారు. ఇద్దరు పిల్లలు ముద్దు అని కథ కట్టిన ఏడాదే ఆయనకు నాలుగో సంతానం. బారసాలకి మమ్మల్నే పాడమన్నారు, వెళ్ళి పాడాం. ముదినేపల్లిలో ఆడవాళ్ళ కష్టం మీద కథ చెప్పి జనం చేత కంటతడి పెట్టించి, కారెక్కగానే భార్యకి ఫోన్ చేసి వేణ్ణీళ్ళు కాచమన్నారు. మేం ఇల్లు చేరేసరికి ఇంకా రెండు గంటలు పడుతుంది. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచాలి కదా అని ఆయనకి తోచలేదు. నాకు తోచింది గానీ నేనూ ఏమీ అనలేదు.

ఎవరైనా అడిగితే "ఆయన ఊపిరితిత్తులు, ఆయన పిల్లలు, మనకెందుకండీ?" అని తేల్చేసేదాన్ని. గొప్పవాళ్ళ విషయంలో నాకు విశాల హృదయమని పేరు. మనకి నష్టం రానంతసేపూ హృదయం ఎంత విశాలంగా ఉన్నా ఇబ్బంది లేదు.

ఆయన కట్టిన వాటన్నిటిలోకీ గొప్పది శివారు పాట. కాలవ చివరనున్న చేలను శివారు భూములంటారు. ఎగువవాళ్ళందరి చేలూ తడిశాక ఏమైనా మిగిలితే ఆ నీళ్ళు మాకొస్తాయి. కొన్ని రోజులు ఎగువకీ, కొన్ని రోజులు దిగువకీ అని వంతులు వేస్తారు. దిగువ వంతు నడుస్తుండగానే పైన కొందరు గట్టు కింద దొంగ తూములు పెట్టుకుని నీళ్ళు లాగేస్తారు. ఆ పాటంతా దీని మీదే. "ఎగువ చేనికి కడుపు నిండా, దిగువ చేనికి కంటి నిండా" అని ఆయన ఎత్తుకుంటే మగవాళ్ళు కూడా కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవారు. నేనైతే ఏనాడూ ఏడవకుండా ఆ చరణం దాటలేదు. నవ్వించాల్సిన వంత ఏడుస్తుంటే జనం ఇంకా ఏడ్చేవారు.

ఏడుపు చరణాల తర్వాత తూముల చరణాలు వస్తాయి. దొంగ తూము ఎలా పెడతారో, మట్టి నింపిన గోనె మూతికి కుక్కి ఎలా దాస్తారో అందులో పూస గుచ్చినట్టు ఉంటుంది. "లస్కరు అన్నానికెళితే గోనె లేస్తుంది, లస్కరు తేన్చుకుంటూ వస్తే గోనె కూర్చుంటుంది" అనగానే ఈలలు పడేవి. లస్కరంటే కాలవ మీద కాపలా తిరిగే మనిషి. "గాలి లేనివేళ గుర్రపుడెక్క తిరిగితే, గట్టు కింద ఏముందో చూడు తమ్ముడా" అని ఇంకొకటి. కింద తూము నీళ్ళు లాగితే పైన తేలే డెక్క సుడి తిరుగుతుంది. ఇన్ని సంగతులు ఈయనకెలా తెలుసని అందరూ ఆశ్చర్యపోయేవారు. కవి కదా, చూడకుండానే చూస్తాడని నేను సమాధానం చెప్పేదాన్ని.

నేను రిటైరై బందరులో ఉంటున్నాను. మా నాన్న ఇచ్చిన రెండెకరాలు దివిసీమలో కౌలుకిచ్చాను. మొన్న సార్వా పంటకి, చేను పొట్ట మీద ఉండగా, వెన్ను ఇంకా బయటికి రాకముందే కాలవ ఎండింది. కౌలు రైతు ఫోన్ చేశాడు.

"అమ్మా, చేలో కాలు దిగేంత నెర్రెలిచ్చేసింది. ఇంకో వారం నీళ్ళు రాపోతే కోతకి కొడవలి అక్కర్లేదండీ, గొడ్లని తోలేత్తే సరిపోద్ది. వంతు మనదే, నీళ్ళే రాటంలేదు. అందరం కలిసి కాలవెంట పైకెళ్తన్నాం. మాస్టారి పాట మైకులో ఏత్తాం. మీరూ వత్తే బాగుంటదండీ, ఆయన పక్కన పాడినోరు కదా."

పొద్దున్నే వెళ్ళాను. రెండు ట్రక్కు ఆటోలు, కొన్ని మోటారు సైకిళ్ళు, ఒక మైకు. శివారువాళ్ళు కాలవ వెంట పైకెళ్ళి కాపలా కాయడం మా వైపు తాతల నాటి అలవాటే. వెనకటికి కర్రలతో వెళ్ళేవారు, ఇప్పుడు పాటతో వెళ్ళాం. ప్రతి ఊళ్ళోనూ మాస్టారి గొంతు మోగగానే ఎవరో ఒకరు గట్టు మీదికి వచ్చి, తన తూము సంగతి తనకే అప్పుడు తెలిసినట్టు మొహం పెట్టి మూసేవాడు. మేం మలుపు తిరిగాక ఎంతమంది మళ్ళీ తీశారో చెప్పలేను. అయినా కొందరికి నిజంగానే సిగ్గేసింది. ఒక పెద్దాయన "ఆ పాట ఆపండయ్యా, మూత్తన్నానుగా" అని బతిమాలాడు.

మధ్యాహ్నానికి మాస్టారి ఊరు చేరాం. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అరుగు దిగి ఎదురొచ్చారు. ఆయన భార్యని మేమంతా అక్కయ్యగారంటాం. ఆవిడ అందరికీ మజ్జిగ పోసింది. జనం అడిగితే మాస్టారు తంబురా లేకుండానే రెండు చరణాలు పాడారు. కౌలు రైతు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నేను యథాప్రకారం ఏడ్చాను. తర్వాత వాళ్ళు పై ఊరికి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను ఎక్కించుకుంటామన్నారు.

మాస్టారు కాసేపు నడుం వాల్చారు. నేను ఊరికే ఇంటి వెనక్కి, కాలవ గట్టు మీదికి వెళ్ళాను. అటు కాలవ, ఇటు వాళ్ళ చేను. చేను నిండుగా, నల్లగా, ఏపుగా ఉంది. చూడగానే ముచ్చటేసింది. ఆకు కూడా కదలనంత ఉక్కగా ఉంది. కాలవలో ఒకచోట మాత్రం గుర్రపుడెక్క తిరుగుతోంది, నెమ్మదిగా, తిరగలిలా. నేను నిలబడి చాలాసేపు చూశాను. నాకు అర్థం కాక కాదు. అర్థమైనది వెనక్కి పోతుందేమోనని చూశాను. పోలేదు. పుల్ల పెట్టి డెక్క పక్కకి తోస్తే పైపు మూతి కనబడింది.

తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఆయన లేచి వచ్చారు.

"మాస్టారూ, మీ చేను గట్టు కింద తూముంది."

"ఉంది," అన్నారు. "డెక్క చూసి పట్టావా?"

"అవునండీ."

"భేష్. పాట వినడమంటే అలా వినాలి."

ఆయన నిజంగానే సంతోషించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచి ఎరగను. ఆ రోజు పెంచాను.

"ఆ చరణాలు కట్టినప్పుడు ఈ తూము ఉందా, లేదా?"

"ఏడుపు చరణాలు పెళ్ళికి ముందు కట్టానమ్మాయ్. అప్పుడు శివారువాణ్ణి. తూము చరణాలు ఇక్కడికొచ్చాక కట్టాను. తూము పెట్టనివాడికి ఆ గోనె సంగతీ, డెక్క సంగతీ ఎలా తెలుస్తాయి?"

"మరి మా చేను సంగతి?"

"ఆ పాట పాడినప్పుడల్లా మీ నాన్న కళ్ళ ముందు మెదిలేవాడు. నేను ఏడ్చింది దొంగేడుపు కాదు."

"ఏడ్చి, ఇంటికొచ్చి గోనె లాగేసేవారా?"

"చేను పొట్ట మీద ఉంటే లాగేవాణ్ణి," అన్నారాయన, వేళకి మందులు వేసుకుంటున్నారా అని అడిగితే చెప్పినట్టు. తర్వాత చుట్ట వెలిగించి అడిగారు. "వాళ్ళతో చెప్తావా?"

"చెప్పకూడదా?"

"నన్ను తిట్టుకుంటారు, ఫరవాలేదు. కానీ రేపట్నించి ఆ పాట ఎవడూ పెట్టడు. పొద్దుట్నించి ఎన్ని తూములు మూయించారు దాంతో? నేను పోయినా నష్టంలేదు. పాట పోతే శివారుకి ఇంకేముందో చెప్పు."

ఇక్కడే నాకు దుఃఖం వచ్చింది. అబద్ధాలాడితే తిట్టి వచ్చేసేదాన్ని. ఆయన మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని మిగతా సగం మీద దుప్పటిలా కప్పుతున్నారు. ఈ మనిషి దగ్గరే నేను న్యాయమనే మాట నేర్చుకున్నాను. పొగాకు కథకి రాని కోపం, వేణ్ణీళ్ళకి రాని కోపం ఇప్పుడెందుకు వచ్చిందో కూడా నాకు తెలుసు. ఆ కథలకి నష్టపోయింది వేరేవాళ్ళు, ఇప్పుడు ఎండింది నా చేను. అది తల్చుకుంటే ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో నా మీదా అంతే వేసింది.

"అయితే మీది మూసెయ్యండి. ఎవరికీ చెప్పను."

"నాలుగు రోజులాగమ్మాయ్. వెన్ను పైకి రానీ."

"మా చేనుకీ వెన్ను రావాలి మాస్టారూ."

నేను చెప్పులు అక్కడే వదిలేసి, చీర ఎగదోపుకుని గట్టు వైపు నడిచాను. వెనకనించి అక్కయ్యగారి అడుగులు వినిపించాయి. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో రెండు గోనెసంచులు. ఆవిడ నన్ను ఆపడానికి వచ్చిందనుకున్నాను.

"నువ్వు చూసింది చిన్నదమ్మా," అంది. "పెద్దది ఇటుంది, తుమ్మచెట్టు మొదట్లో."

మోకాలి లోతు నీళ్ళలో ఆవిడ ముందు దిగింది, నేను వెనక. ఆవిడ సంచిలోకి మట్టి ఎత్తుతూ, బియ్యంలో రాళ్ళేరుతూ మాట్లాడినంత మామూలుగా చెప్పింది.

"పొలం మా నాన్నది. ఇక్కడ తూముండేది కాదు. ఈయన ఆ పాట ఊరూరా పాడతంటే, విన్నవాళ్ళెవరో ఒకరు వెతుక్కుంటా వచ్చి దీన్ని మూసేత్తారని చూసేదాన్ని. వచ్చినోళ్ళందరూ మజ్జిగ తాగారు, ఆయనకి దణ్ణం పెట్టారు, వెళ్ళిపోయారు. నువ్వూ ఇన్నేళ్ళు వచ్చావు."

"మీరే మూసెయ్యలేకపోయారా అక్కయ్యగారూ?" అన్నాను.

"మూశాను, రెండుసార్లు. నేనొక్కదాన్నీ మూత్తే ఆయనకి కోపమొచ్చింది. మళ్ళీ తీశారు. బయటోళ్ళు వచ్చి మూత్తే సిగ్గొత్తదేమో చూద్దాం."

చిన్నదానికి సంచి కుక్కాం. పెద్దదానికి కుక్కుతుంటే నీళ్ళు పక్కనించి ఉరుకుతూనే ఉన్నాయి. ఎంత తోసినా సంచి నిలవడం లేదు. అప్పుడు గట్టు మీద మాస్టారు కనబడ్డారు. చుట్ట పారేశారు. పంచె ఎగ్గట్టి, తుమ్మ కొమ్మ ఆసరాతో నీళ్ళలోకి దిగారు. నేను తీసేస్తారనే అనుకుని సంచికి అడ్డం నిలబడ్డాను.

"జరుగమ్మాయ్. అలా నిలువుగా పెడితే ఆగదు," అన్నారు. సంచిని అడ్డంగా తిప్పి, మూతిలోకి మడమతో తొక్కారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఒకటికి పదిసార్లు తొక్కారు. అక్కయ్యగారు మట్టి అందిస్తే చుట్టూ మెత్తారు. నీళ్ళు ఆగాయి. మా ఇద్దరి మొహాలూ చూడకుండా గట్టెక్కి లోపలికి వెళ్ళిపోయారు.

నాలుగో రోజున మా చేలోకి చీలమండ లోతు నీళ్ళొచ్చాయని కౌలు రైతు ఫోన్ చేశాడు. అంతా మాస్టారి పాట మహిమ అన్నాడు. నేను కాదనలేదు. ఆ పాట వింటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది, దాన్ని ఆపుకోవాలని కూడా లేదు. కానీ ఇన్నేళ్ళలో ఆయన పాడకుండా చేసిన మంచిపని నేను చూసింది ఆ సంచి తొక్కడమొక్కటే.