తాగుబోతన్న పేరే నయమనుకున్నాను

ఆ రోజు పడవ దిగి ఒడ్డున నడుస్తుంటే ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. ఊడిన సంగతే నాకు తెలియలేదు. వెనక వస్తున్న నా బావమరిది పోలయ్య దాన్ని తెచ్చిచ్చి, "ఏంది బావా, పొద్దున్నే ఏసుకున్నావా?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. నాకు చుక్క అలవాటు లేదు.

మా జువ్వలదిన్నెలో తాగి తూలేవాణ్ణి తిడతారు గానీ పడవ ఎక్కనిస్తారు. సత్తువ లేనివాణ్ణి ఎక్కనివ్వరు. వల లాగేటప్పుడు ఒకడి పట్టు జారితే బరువంతా పక్కవాడి మీద పడుతుంది మరి. మా పడవ నడిపే సరంగు పోలయ్యే. ఎడమకాలు మొద్దుబారుతోందని అతనికి కూడా చెప్పలేదు.

ఏది చూసినా రెండుగా కనిపించడం మొదలయ్యాక నెల్లూరు వెళ్లాము. నరాల డాక్టరమ్మ ఎమ్మారై తీయించి, "మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది పొర అక్కడక్కడా దెబ్బతింది. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవచ్చు" అన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో చూపు కుదుటపడింది. కాలు సగమే కుదిరింది.

"ఊళ్లో ఏమని చెప్పేది?" అని బస్సులో నా భార్య మస్తానమ్మ అడిగింది.

"జ్వరమని చెప్పు" అన్నాను.

జ్వరమంటే ఎవరు నమ్ముతారు? నేను తూలుతూనే ఉన్నాను. మా అత్త ఇంటికొచ్చి, "మొగుడి తాగుడు మాన్పించలేకపోతివి, ఏం ఆడదానివే?" అని నా ముందే కూతుర్ని తిట్టిపోసింది. మస్తానమ్మ నా వైపు చూసింది. నేను వల చిక్కు తీస్తూ కూర్చున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

కొన్ని నెలలకు వల లాగుతుండగా నా ఎడమచేతిలోంచి మోకు జారింది. పడవ అంచుకూ మోకుకూ మధ్య పోలయ్య వేలు నలిగి ఎముక విరిగింది. పడవ యజమాని అడిగితే, "నా పొరపాటేలే అన్నా" అని పోలయ్య నన్ను కాపాడాడు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఎలాగైనా బలం తెచ్చుకుంటే చాలనుకున్నాను.

నెల్లూరులో ఫిజియోథెరపిస్టు అంతకుముందే, కండబలానికి చేసే రెసిస్టెన్స్ ట్రైనింగ్ అని, లాగడానికి ఒక రబ్బరు బ్యాండు ఇచ్చి ఉన్నారు. "వారానికి రెండు రోజులే. మధ్యలో విశ్రాంతి. కాళ్లు వణక్కముందే ఆపేయాలి" అన్నారు. వలలు లాగినవాణ్ణి, ఆడపిల్ల రిబ్బను లాగాలా! రెండు క్యాన్లలో ఇసుక నింపి, ఎవరూ రాని మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో రోజూ ఎత్తాను. వారం తిరక్కుండానే అక్కడే కూలబడ్డాను. కాళ్లు లేవలేదు, చూపు మసకేసింది, లుంగీ తడిసిపోయింది.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన మస్తానమ్మ కేక విని పోలయ్య పరుగెత్తుకొచ్చాడు. కట్టు కట్టిన చేత్తోనే నన్ను లేపబోయి, నా నోటి దగ్గర ఆగాడు. "వాసన లేదే! నువ్వు తాగలేదు బావా." అప్పుడు మస్తానమ్మ ఏడుస్తూ అంతా చెప్పేసింది.

నన్ను గుంజకు ఆనించి కూర్చోబెట్టి అతను అన్నాడు: "నా ఏలు పోతే పోయింది. మాయమ్మ మా అక్కని అన్నేసి మాటలంటా ఉంటే ఎట్ట కూర్చున్నావు బావా, నోరు మూసుకోని?"

వాళ్లిద్దరూ నన్ను నెల్లూరు తీసుకెళ్లారు.

"ఇది రిలాప్స్ కాదు, జబ్బు తిరగబెట్టలేదు. వేడికి ఒళ్లు కాగి అలా అయింది" అన్నారు డాక్టరమ్మ. చల్లబడ్డాక చాలావరకు సర్దుకుంది. మర్నాడే మస్తానమ్మతో అత్త దగ్గరకు వెళ్లి జబ్బు పేరు చెప్పాను. ఆమె కూతురి చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు పడవ ఎక్కను, ఒడ్డున వలలు బాగుచేస్తాను. వారానికి రెండుసార్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు, వసారా స్తంభానికి బ్యాండు కట్టి లాగుతాను. దారినపోయేవాళ్లు చూస్తారు, చూడనీ. గోడ పట్టుకోకుండా మెట్లెక్కగలుగుతున్నాను. పోలయ్య వేలు మాత్రం వంగదు. మస్తానమ్మ ఇన్నాళ్లలో ఒక్కసారీ దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎంత బరువు ఎత్తాలో ఫిజియో చెబుతారు. మీ జబ్బు పేరు మాత్రం ఇంట్లోవాళ్లకూ పక్కన పనిచేసేవాళ్లకూ మీరే చెప్పాలి. ముందు అది చెప్పండి. మీరు చెప్పనన్నాళ్లూ మీ బదులు ఇంకెవరో మాటలు పడుతూ ఉంటారు.