షార్జా టీవీలో నెమ్మదిగా నడిచిన ఆట

మొన్న అటక సర్దుతూ మా ఆయన షార్జా నుంచి తెచ్చుకున్న పాత వీడియో గేమ్ మెషీన్ ఒకటి కిందికి దించాడు. పాత సామాన్లవాడికి ఇచ్చేముందు పనిచేస్తుందో లేదో చూద్దామని, హాల్లో మూలన పడివున్న డబ్బా టీవీకి తగిలించాడు. నేను వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాల చిటపటల మధ్యలోంచి ఆ ట్యూన్ వినిపించింది. నిద్రమత్తులో పాడుతున్నట్టు సాగదీసుకుంటూ వచ్చే ట్యూన్. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను, పోపు మాడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట పేరు కరీముల్లా గారు.

ఆయన దుబాయ్‌లో వీడియో గేముల గురించీ, ఎలక్ట్రానిక్ సామాన్ల గురించీ వచ్చే ఒక ఇంగ్లీషు మాసపత్రికకు ఎడిటర్. నెల్లూరు మనిషి. నేను కాకినాడలో ఇంగ్లీషు ఎమ్మే చదివి, పెళ్ళయ్యాక 2004లో షార్జా వచ్చాను. మా ఆయన అక్కడ ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆ పత్రికకు అర్జీ పెట్టుకుంటే, కరీముల్లా గారు నా చదువు సంగతి అడగనే లేదు. చిన్నప్పుడు ఏయే ఆటలు ఆడావని అడిగారు. పిన్నివాళ్ళింట్లో క్యాసెట్టు ఊదిమరీ పెట్టి ఆడేవాళ్ళమని చెప్పాను. ఊదితే లోపలికి తేమ పోయి ఇంకా పాడవుతుందని గట్టిగా చీవాట్లు పెట్టి, ఉద్యోగం ఇచ్చారు.

ఆ రోజుల్లో అక్కడ గేముల మీద రాసే వాళ్ళ పద్ధతి ఒకటుండేది. అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చిన పత్రికలు ముందేసుకుని, వాళ్ళు మెచ్చింది మెచ్చి, వాళ్ళు తిట్టింది తిట్టడం. అలా ఎంగిలి అభిప్రాయాలు వడ్డించే పెద్దమనుషులకు కంపెనీవాళ్ళిచ్చే పార్టీల్లో ముందు వరుసలో కుర్చీలు. కరీముల్లా గారికి వాళ్ళంటే ఒళ్ళు మంట. ఎవరు ఏం రాసి తెచ్చినా ఆయన అడిగే మొదటి మాట, ఆడావా అని. ఆడానంటే, ఎక్కడ ఆడావు, ఏ టీవీ మీద ఆడావు అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్న ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి రెండు టీవీలు పక్కపక్కన పెట్టించారు. ఒకదానికి అమెరికా నుంచి ఎవరో తెచ్చిన మెషీన్, రెండోదానికి అదే కంపెనీవాళ్ళు గల్ఫ్‌లో అమ్మే మెషీన్. రెండింట్లోనూ ఒకటే పాత పరుగుల ఆట పెట్టి ఒకేసారి నొక్కారు. అమెరికా మెషీన్‌లో ట్యూన్ అయిపోయి బొమ్మ పరుగందుకుంది. మనదాంట్లో ట్యూన్ ఇంకా ఈడ్చుకుంటూనే ఉంది. పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో నొక్కేసినట్టు బొమ్మ. అక్కడి టీవీలు సెకనుకు అరవైసార్లు బొమ్మ గీస్తాయనీ, ఇక్కడివి యాభైసార్లేననీ, ఆ పాత ఆటలను మన టీవీలకు సరిపడా మార్చకుండానే పెట్టెల్లో పెట్టి పంపేశారనీ చెప్పారు.

"వాళ్ళు పొగిడింది ఆ ఆటనమ్మా. మనోళ్ళు కొనేది ఈ ఆటని," అన్నారు. "నీ పేరు కింద నువ్వు చూసింది తప్ప ఒక్క ముక్క రాయబాక."

ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. కోపం వచ్చినా ఆ మాట ఒప్పుకోక తప్పదు.

మరుసటి ఏడాది ఒక పెద్ద దుకాణంవాళ్ళు పాత మెషీన్లను కొత్త డబ్బాల్లో సర్ది, అదే పరుగుల ఆటతో కలిపి అమ్మకానికి పెట్టారు. మా పత్రిక వెనక అట్ట మీద ప్రకటన వాళ్ళదే. ఆ ప్రకటనల డబ్బు చూసుకునేది మా ముదీర్, అంటే ఆఫీసు నడిపే మేనేజరు. ప్రపంచంలోని విమర్శకులంతా అంతకుముందే ఆ ఆటను మెరుపు అన్నారు, పిడుగు అన్నారు. సమీక్ష నా వంతుకు వచ్చింది. మెషీన్ ఇంటికి తెచ్చుకుని షార్జాలో మా డబ్బా టీవీ మీద వారమంతా ఆడాను. ఆట గొప్పదేననీ, కానీ మన టీవీల్లో నెమ్మదిగా నడుస్తుందనీ, ఆ పొగడ్తలు నమ్మి కొంటే నిరాశ తప్పదనీ రాశాను. కరీముల్లా గారు నిలబడే చదివారు. ఇది తాను ఎప్పుడో రాయాల్సిందన్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

సంచిక వచ్చింది. నా పేరు ఉంది, నా ఫొటో ఉంది. కింద ఉన్న మాటలు నావి కావు. మెరుపువేగం, ఇంటింటా ఉండాల్సిన ఆట, పదికి తొమ్మిది. ఆయన క్యాబిన్‌కు వెళ్తే మీటింగ్‌లో ఉన్నారన్నారు. మర్నాడూ అదే మాట. కళ్ళు కలపకుండా తిరిగారు.

అలా ఉండగా షార్జా ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఆఫీసుకు ఫోన్ వచ్చింది. గ్యారేజీలో కార్లకు రంగులు వేసే మనిషి, కడప వైపు నుంచి వచ్చినవాడు. పత్రికలో నా పేరు చూసి, తెలుగమ్మాయే అయ్యుంటుందని ధైర్యం చేశాడట. శుక్రవారాలు రూములో అందరూ ఆడుకోవచ్చని మెషీన్ కొన్నాడు. రూమ్మేట్ నా సమీక్ష చదివి వినిపించాడు.

"మీరు మెరుపు మాదిరి పోతాదని రాసినారంట గదమ్మా. నాది నత్త మాదిరి నడస్తాంది," అన్నాడు. "రెండు షాపుల్లో విప్పించినా. చెడిపోయిందా ఏమి, మీరన్నా చెప్పండమ్మా."

చెడిపోలేదనీ, ఆ రాత నాది కాదనీ చెప్పబోతుంటే, పక్కనే నిలబడి వింటున్న కరీముల్లా గారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

"సెట్టు బాగానే ఉండాది నాయనా, ఈడ టీవీల్లో అంతే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయి కొత్తది. పొరపాటు పడింది," అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయన వెనకే క్యాబిన్‌లోకి వెళ్ళాను. ఆ మాటలు రాసింది మీరు కదా సార్ అన్నాను. కాదనలేదు. తలుపు దగ్గరగా వేశారు.

"ప్రకటన పోతాదని ముదీర్ మార్చమన్నాడు, మార్చినాను. నా వీసా ఆయన చేతిలో ఉండాది. ఖలాస్, ఇంక చాలు పొమ్మంటే పిల్లల చదువులు ఆపి నెల్లూరు పోవాల. నీ వీసా నీ మొగుడి మీద ఉండాది. ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుంటావు. నిజం చెప్పే సౌకర్యం అందరికీ ఉండదమ్మా."

"అయితే నా పేరు తీసేయాల్సింది సార్."

పేరు లేకపోతే ఎవరు రాశారని అడుగుతారు గదా అని ఆయన మెల్లగా అన్నారు.

ఆ నెలాఖరుకు మానేశాను. తర్వాత మేము హైదరాబాద్ వచ్చేశాం. ఆయన్ను మళ్ళీ చూడలేదు. వీసా గురించి ఆయన అన్న మాట నిజమే. అది నిజం కావడం వల్లే నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా సమీక్ష దిద్దడం భయం. భయాన్ని క్షమిస్తాను, పిల్లలున్న మనిషి. కానీ ఆ ఫోన్‌లో ముదీర్ లేడు, వీసా ఇచ్చే కఫీల్ లేడు. ఉన్నది కార్లకు రంగులు వేసుకునే కడప మనిషి ఒక్కడే. రాసింది తానేనని అతనితో కూడా చెప్పలేకపోయారే, పైగా దాన్ని నా నెత్తిన రుద్దారే. దాన్ని క్షమించను.

ఇప్పుడు నేను మొబైల్ ఫోన్ల మీద సమీక్షలు రాస్తాను, మరికొందరు రాసినవి దిద్దుతాను. కంపెనీవాళ్ళు ఏసీ హాల్లో చూపించినదాన్ని నమ్మను. ఆటోలో, రైతుబజార్లో, సిగ్నల్ అందని మెట్ల కింద వాడి చూశాకే రాస్తాను. ఎవరి రాతలోనైనా అభిప్రాయం మార్చాల్సి వస్తే ముందు వాళ్ళ పేరు తీసేస్తాను. మొదటిది ఆయన నోటితో నేర్పింది, రెండోది చేతలతో నేర్పింది. నాకున్న ప్రతి మంచి అలవాటుకూ మూలం ఆయనే కావడం నాకు మహా ఒళ్ళుమంటగా ఉంటుంది.

మాడిన పోపు వాసనకు మా ఆయన వంటింట్లోకి తొంగిచూశాడు. ట్యూన్ ఇంకా సాగుతూనే ఉంది. ఇంత నెమ్మదిగా నడుస్తోందేమిటి, చెడిపోయిందేమో, పారేద్దామా అన్నాడు.

"చెడిపోలేదు. మొదటినుంచీ ఇంతే," అన్నాను. "మెరుపువేగం అని రాసింది నేను కాదు."

నన్ను ఎవరూ అడగలేదు. అయినా అన్నాను.