అమావాస్య నాటి గంజి

శాకాహారం విషయంలో నా అంత నిష్ఠాపరుడు ఫ్రీమాంట్ మొత్తంలో లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఎనభైల మొదట్లో అక్కడ మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు నాలుగే కాబట్టి ఆ నమ్మకానికి పెద్దగా పోటీ కూడా ఉండేది కాదు. ఆఫీసు వాళ్లు లంచ్‌కి తీసుకెళ్తే వెయిట్రెస్‌ని నిలబెట్టి విచారణ మొదలుపెట్టేవాణ్ణి. సూప్‌లో నీళ్లు ఎక్కడివి? వేయించిన నూనె ఏది? గరిటె మార్చారా? ఇంత అయ్యాక ఒక ఉడికిన బంగాళాదుంప, నాలుగు పాలకూరాకులు తిని లేచేవాణ్ణి. అందరూ నావైపు ఒకలా చూసేవాళ్లు. అది గౌరవం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు మా ఆవిడకి వేవిళ్లు వచ్చాయి. వేవిళ్లంటే పొద్దున్నే కాస్త వాంతి, సాయంత్రానికి మామిడికాయ మీద కోరిక, అంతే అనుకున్నాను నేను. ఆవిడకి పొద్దు లేదు, సాయంత్రం లేదు. పోపు వాసన పడదు. అన్నం ఉడికే వాసన పడదు. ఫ్రిజ్ తలుపు తీస్తే పడదు. కొన్నాళ్లు నేను కూడా పడలేదు. ఆఫీసు నుంచి వచ్చి నిలబడగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమండీ, కాస్త దూరంగా కూర్చోండి" అనేది. ఉప్పు బిస్కెట్లు, ఐసు ముక్కలు, వీటి మీద బతుకుతోంది. మూడో నెల వచ్చేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు భయం వేసేది. భయం వేస్తే అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు, నేను మనుషుల మీద విసుక్కుంటాను.

తైవాన్ నుంచి వచ్చిన ఒకాయన ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర పనిచేసేవాడు. సంగతి విని ఒక మాట చెప్పాడు. వాళ్లలో చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజునా పదిహేనో రోజునా మాంసం ముట్టరట. మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరంలో బట్టలుతికే లాండ్రోమాట్ పక్కన వాళ్ల ఊరివాళ్ల చిన్న హోటల్ ఉందట. ఆ రెండు రోజులూ అక్కడ పొయ్యి మీదికి మాంసం ఎక్కదట.

"అంటే అమావాస్య, పౌర్ణమి" అని నేను వెంటనే తేల్చేశాను.

"సుమారుగా" అన్నాడాయన.

ఆ 'సుమారుగా'ని నేను లెక్కపెట్టలేదు. ఇంటికొచ్చి మా అత్తగారు పార్శిల్లో పంపిన తెలుగు కేలండర్ చూశాను. శనివారం అమావాస్య. ఆయన్ని అడిగితే వాళ్ల ఒకటో రోజూ ఆ శనివారమేనన్నాడు. చూశావా, ప్రపంచమంతా మన పంచాంగమే నడుపుతోందని మా ఆవిడతో చాలాసేపు చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని ఐసు ముక్క చప్పరిస్తోంది.

హోటల్ అంటే ఆరు బల్లలు. బల్లల మీద ప్లాస్టిక్ గుడ్డలు, రేకు డబ్బాలో తినే పుల్లలు, ఓ మూల అరటిపళ్లు పెట్టిన దేవుడి పటం. భర్త లోపల వండుతాడు, భార్య బయట చూసుకుంటుంది. ఆవిడకి ఏభై ఏళ్లు ఉంటాయి. పొట్టి జుట్టు, తడి చేతులు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే, కానీ నాది గొప్పదని నాకు ఒక నమ్మకం. మా ఆవిడని ఒకసారి ఎగాదిగా చూసి, మేం ఏమీ చెప్పకుండానే లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

పలచటి తెల్లటి గంజి. అందులో చిలగడదుంప ముక్కలు. పక్కన చిన్న పళ్లేల్లో ఊరవేసిన దోసకాయ, మెత్తగా ఉడికిన వేరుశెనగలు. పోపు లేదు, ఘాటు లేదు. మా ఆవిడ భయపడుతూ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కాసేపు ఆగింది. రెండో చెంచా తీసుకుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఏడెనిమిది చెంచాలు అయ్యాక వేరుశెనగల పళ్లెం తన దగ్గరకి లాక్కుంది. రెండు నెలల్లో ఒక తినే వస్తువుని ఆవిడ తన వైపు లాక్కోవడం అదే మొదటిసారి. నాకు కళ్లు చెమర్చాయి.

అక్కడితో ఊరుకుంటే ఇది రాయాల్సిన పని లేదు. నాకోసం నేను మెనూ అట్టమీద వేలుపెట్టి చూపించిన వంటకం వచ్చింది. గోధుమరంగు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ముక్క ముక్కకీ ఒక పక్క తోలు. ఆ తోలు మీద ఈకలు పీకినట్టు సన్నటి గుంటలు. పుట్టి బుద్ధెరిగాక కోడి కూర వైపు కన్నెత్తి చూడనివాణ్ణి, అది కోడేనని అంత ఖాయంగా ఎలా తేల్చానో నాకు ఈనాటికీ తెలియదు.

"ఇదేమిటి?" అని అరిచాను. ఆరు బల్లలూ నావైపు తిరిగాయి.

"బీన్స్" అంది ఆవిడ.

"బీన్స్‌కి తోలు ఉంటుందా?"

సోయా పాలు కాస్తే పైన మీగడ కడుతుందనీ, దాన్ని పొరలుగా చుట్టి గుడ్డలో బిగించి ఉడికిస్తారనీ ఆవిడ చేతులతో చూపిస్తూ చెప్పింది. నేను నమ్మలేదు. మా ఇంట్లో ఏడు తరాలుగా ఎవరూ ముట్టలేదని చెప్పాను. ఏడో తరం వెనక ఎవరున్నారో, వాళ్లేం తిన్నారో నాకేం తెలుసు! కిచెన్ చూపించమన్నాను. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, పక్కకి తొలగి, లోపలికి చెయ్యి చూపించింది.

లోపల ఆవిడ భర్త ఒక గుడ్డ మూట ముడి విప్పాడు. కత్తితో అడ్డంగా కోశాడు. పొర మీద పొర, అంతా మీగడే. గుడ్డ నేత అచ్చుపడి పైన గుంటలు వచ్చాయి. పక్కన పెద్ద గిన్నెలో సోయా పాలు ఇంకా కాగుతున్నాయి. నాకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

బయటికి వచ్చి 'పొరబాటు నాదే' అనాలి. అంతే. దానికి బదులు, "శాకాహారమే అయితే మాంసంలా కనపడేట్టు ఎందుకు చేయాలి? ఇది మోసం కాదా?" అన్నాను.

ఆవిడ నింపాదిగా అడిగింది. "మీరు ఉల్లిపాయ తింటారా?"

"తింటాం."

"వెల్లుల్లి?"

"తింటాం."

"ఈ రోజు మేం అవి కూడా తినం" అంది.

వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నా గురించే నవ్వారో లేదో తెలియదు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. "పద" అన్నాను మా ఆవిడతో.

"ఏమండీ, ఈ గిన్నె అయ్యాక వెళ్దామండీ."

"పద అన్నానా!"

ఆవిడ చెంచా కింద పెట్టి లేచింది.

కార్‌లో అడిగింది. "కిచెన్‌లో ఏం చూశారు?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. పక్కన నా భార్య తప్ప ఎవరూ లేరు. కానీ అంత గొడవ చేసి, అంతమంది ముందు ఆవిణ్ణి లేపి తీసుకొచ్చి, ఉత్త మీగడ చూశానని ఎలా చెప్పను? "ఏం చెప్పమంటావు! నాకైతే నమ్మకం లేదు" అన్నాను.

"గంజిలో కూడా ఏమైనా కలుపుతారా?"

"ఎవడికి తెలుసు!"

తరువాతి సిగ్నల్ దగ్గర ఆవిడ కారు తలుపు తీసి, తిన్నదంతా కక్కేసింది. వేవిళ్లే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఆవిడకి ఏదీ ఇమడలేదు. బిస్కెట్లు కూడా మానేసింది. ఒకరోజు నేనే గంజి కాస్తానని బయలుదేరాను. కిటికీలన్నీ తెరిచి, చిలగడదుంప తరిగి, గంట సేపు కలియబెట్టి, దించే ముందు అలవాటు కొద్దీ చిటికెడు ఇంగువ వేశాను. గిన్నె గది దాకా రాకముందే ఆవిడ బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. ఆ గిన్నెడూ నేనే తాగాను. బాగానే ఉంది కూడా. దానికి నా మీద నాకే కోపం వచ్చింది.

డాక్టర్ బరువు చూసి పెదవి విరిచాడు. వచ్చే వారానికి ఇంకా తగ్గితే హాస్పిటల్‌లో చేర్చి సెలైన్ ఎక్కించాలన్నాడు. తినగలిగింది ఒక్కటైనా ఉందా అని అడిగాడు. మా ఆవిడ నావైపు చూసి, "లేదు" అంది. ఆ హోటల్ గంజి ఆవిడ మనసులో లేదని కాదు. నేను నమ్మకం లేదన్నాను, అందుకని లేదు.

ఆ రాత్రి కేలండర్ చూశాను. ఆదివారం పౌర్ణమి. ఆవిడకి చెప్పకుండా స్టీలు క్యారియర్ తీసుకుని ఆదివారం మధ్యాహ్నం హోటల్‌కి డ్రైవ్ చేశాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు ఇంగ్లీషులో బట్టీ పట్టాను. తలుపు తీయగానే మాంసం వాసన గుప్పుమంది. హోటలావిడ నన్ను గుర్తుపట్టింది.

"ఈ రోజు పదిహేను కాదా?" అన్నాను.

"పదిహేను నిన్న. ఈ రోజు పదహారు."

"అలా ఎలా అవుతుంది? పౌర్ణమి ఇవాళ!"

"నిన్న" అంది ఆవిడ, గోడకున్న తన కేలండర్ చూపిస్తూ.

"మా కేలండర్‌లో ఇవాళే. రాత్రి ఆకాశం చూడండి కావాలంటే! ఎవరిది కరెక్టో తెలుస్తుంది!"

క్షమాపణ చెప్పడానికి వచ్చినవాణ్ణి, ఖాళీ క్యారియర్ చేత్తో పట్టుకుని, చందమామ ఎప్పుడు నిండుతాడో ఆవిడతో పోట్లాడుతున్నాను. నా గొంతు నాకే వినపడింది. అక్కడ ఆగిపోయాను. బట్టీ పట్టిన వాక్యం ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"నా భార్య ఏమీ తినడం లేదు" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "మూడో నెలా?"

తల ఊపాను.

"ఆ రోజు మీరు అరుస్తున్నంతసేపూ నేను ఆవిడ గిన్నెనే చూస్తున్నాను" అంది. "సగం కూడా అవలేదు."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. బల్ల మీది పుల్లల డబ్బా వైపు చూస్తూ, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. కిచెన్‌లో చూసినప్పుడే నాకు తెలిసిందని కూడా చెప్పాను. ఆవిడ దానికి ఆశ్చర్యపోలేదు.

"మరి ఆవిడకి చెప్పారా?"

నేను పుల్లల డబ్బాని కాస్త పక్కకి జరిపాను.

"చెప్పండి. చెప్పకపోతే ఆవిడ ఎలా తింటుంది?" అంది, బియ్యం కడగడం ఎలాగో చెప్పినంత మామూలుగా.

క్యారియర్ తీసుకుని లోపలికి నడిచింది. తను ఏ రోజూ మాంసం తినదట. తన గిన్నె వేరు, గరిటె వేరు, వెనక చిన్న పొయ్యి వేరు. ఊరంతా గరిటెల గురించి విచారించే నాకు, అడగకుండానే ఒకరు తన గరిటె చూపించడం అదే మొదలు. తన మధ్యాహ్నం భోజనానికి కాచుకున్న గంజి అంతా నా క్యారియర్‌లో పోసింది. పై గిన్నెలో వేరుశెనగలు పెట్టింది. రోజూ పదకొండింటికి రమ్మంది, తిథి చూసుకోనక్కర్లేదంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ సోఫాలో ముడుచుకుని పడుకుని ఉంది. క్యారియర్ మూత తీశాను. వాసన చూసి లేచి కూర్చుంది. గంజి వైపు చూసింది, నావైపు చూసింది, చెయ్యి చాపలేదు.

"అక్కడిదేనా?"

"అక్కడిదే."

"మరి మీకు నమ్మకం లేదన్నారు కదండీ?"

నేను కార్పెట్ మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. గుడ్డ మూట, మీగడ పొరలు, కాగుతున్న పాలు, అన్నీ అప్పుడే చూశానని చెప్పాను. గంజిలో ఏమీ లేదని ఆ రోజే తెలుసనీ, సిగ్గేసి అబద్ధం చెప్పాననీ చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండును, ఎదురు చెప్పడానికి నాకు ఏదో ఒకటి దొరికేది.

ఆవిడ గిన్నె ఒళ్లోకి తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఒక్కొక్క చెంచా, ఆగకుండా. వేరుశెనగలు అయిపోయాయి. గిన్నె అడుగున చిలగడదుంప ముక్క ఒకటి మిగిలితే దాన్ని వేలితో తీసుకుని తిని, ఖాళీ గిన్నె నా చేతికిచ్చింది.

"పదిహేను రోజులండీ" అంది.

నేను గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని, కడుపు నిండినవాళ్లు పడుకున్నట్టు నిద్రపోయింది.