ఎలాదియో ఒప్పుకోడు

ఎలాదియో సెవెరినో జీవితంలో ఒక్కసారి కూడా ఔట్ కాలేదు. అంటే, ఆయన లెక్కన.

మిగతా లోకం లెక్క వేరు. అమెరికా పెద్ద లీగులో ఏళ్ల తరబడి బేస్‌బాల్ ఆడి, పరుగుకు పేరు మోసి, మోకాళ్లు మొరాయించాక సొంత ఊరికి తిరిగొచ్చాడు. డొమినికన్ దేశంలో, చక్కెర మిల్లు పక్కన ఉండే ఆ ఊరు ఆయన బొమ్మను బడి గోడ మీద వేయించింది. ఆయన ఆ బొమ్మతోనూ తగువు పెట్టుకున్నాడు. ముక్కు తనది కాదన్నాడు.

డాక్టర్ ఓసారి పిలిచి చెప్పాడు. "అన్నా, నీకు షుగర్ వచ్చింది."

"వచ్చినప్పుడు చూసిందెవరు?"

"రక్తంలో కనపడుతోంది."

"నువ్వు నిలబడ్డ చోటు నుంచి సరిగ్గా కనపడదులే. ఇంకొకర్ని అడుగుదాం."

ఆయన భార్య ఒనేలియాను అడిగితే నిట్టూర్చేది. "ఈ మనిషి ఒప్పుకున్నది ఒక్కసారే. పెళ్లిలో, ఫాదర్ అడిగినప్పుడు. అదీ రెండుసార్లు అడిగించుకున్నాడు."

అందరికంటే ఎక్కువ భరించింది నెరేయిదా. మూలమీద కిరాణా కొట్టు ఆమెది. కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు, డామినో బిళ్లలు ఆడే బల్ల. రోజూ సాయంత్రం ఎలాదియో అక్కడ ఓడిపోయేవాడు, ఓడిపోలేదని వాదించేవాడు. గాలికి బిళ్ల కదిలిందనేవాడు. ఆకు కూడా కదలని ఉక్కలో.

కానీ ఆయన అసలు తగువు ఒక్కటే. ఎప్పటిదో శీతాకాలపు ఫైనల్, పక్క ఊరితో. చివరి ఇన్నింగ్స్. ఎలాదియో పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాకా పరిగెత్తుకొచ్చి, నేలమీద జారి, ప్లేట్ మీదికి కాలు చాపాడు. క్యాచర్ బంతితో ఆయన్ను తాకాడు. ప్లేట్‌కు కాలు తగలడం ముందో, ఒంటికి బంతి తగలడం ముందో తెలియనంత దుమ్ము. ఆ దుమ్ములోంచి అంపైర్ ఫెర్మిన్ పిడికిలి పైకి లేచింది. ఔట్. కప్పు పక్క ఊరికి పోయింది. మైదానంలో దీపాలు ఆర్పేశాక కూడా చీకట్లో ఎలాదియో గొంతు వినపడుతూనే ఉంది.

అప్పట్నుంచి ఎలాదియో ఊళ్లో ఫెర్మిన్ అనే పేరు కుక్కలకే పెడతారు.

నెరేయిదా పక్క ఊరి నుంచి వచ్చిన కోడలు. తన తండ్రి పేరు ఎవరికీ చెప్పలేదు. తల్లి పోయాక ఆయన్ను తెచ్చి కొట్టు వెనక గదిలో పెట్టుకుంది. పెద్దాయన బుద్ధిగానే ఉన్నాడు. ఒకరోజు ఆయన కొట్టులో ఉండగా ఎవరి చేతిలోంచో గుడ్డు జారి పగిలింది. ఆయన పిడికిలి దానంతటదే పైకి లేచింది.

ఊళ్లో ఆ పిడికిలిని గుర్తుపట్టనివాళ్లు లేరు.

మర్నాడు కుర్చీలన్నీ ఖాళీ. ఆ మర్నాడూ అంతే. మూడోనాటికి పెద్దాయన బట్టలు సంచిలో సర్దుకున్నాడు.

"నావల్ల నీ కొట్టు మూతపడకూడదమ్మా. నేను పోతాను."

"ఆ ఇంట్లో ఎవరున్నారని పోతావు నాన్నా? అన్నం ఎవరు పెడతారు?"

ఆయన జవాబు చెప్పేలోగా ఎలాదియో వచ్చాడు. వెనకాలే సగం ఊరు. ఈ వేడుక కోసం వాళ్లు ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు.

"కాఫీ పెట్టు తల్లీ," అన్నాడు ఎలాదియో. తర్వాత పెద్దాయన వైపు తిరిగాడు. "ఆ రోజు నేను ఔటే. మీరు సరిగ్గానే చెప్పారు."

జనం నోళ్లు తెరిచారు. నెరేయిదా ఆయన మొహంలోకి చూసింది. నిజమని నమ్మిన మాట ఎలాదియో ఇంత మెల్లగా ఎప్పుడూ చెప్పలేదు.

ఫెర్మిన్ సంచి కింద పెట్టాడు. "ఏమన్నావ్?"

"ఔట్ అన్నాను."

"కాదు. నీ కాలే ముందు తగిలింది. దుమ్ము తగ్గాక చూశాను. అప్పటికే చెయ్యెత్తేశాను."

"మీకు సరిగ్గా కనపడలేదు."

"నా కళ్లకేం? నువ్వు ఔట్ కాదు, సేఫ్!"

"ఔట్!"

"ఒరే ఎలాదియో," గుంపులోంచి ఎవరో మొత్తుకున్నారు, "ఆయనే సేఫంటున్నాడు కదరా!"

"పరిగెత్తింది నేనా, నువ్వా?"

అలా మొదలైంది. ఎలాదియో టోపీ తీసి నేలకేసి కొట్టాడు. వెనకటిలా అంపైర్ బూట్ల మీదికి దుమ్ము తన్నబోయాడు. నెరేయిదా పొద్దున్నే తుడిచిన గచ్చు మీద దుమ్ము లేదు, కాలు జారి బియ్యం బస్తా మీద పడ్డాడు. కాఫీ తాగుతూ జనం కుర్చీలు లాక్కున్నారు. సగంమంది ఔటన్నారు, సగంమంది సేఫన్నారు.

ఫెర్మిన్ నిటారుగా లేచాడు. బొటనవేలు వీధివైపు చూపించాడు.

"నడు బయటికి! నిన్ను ఆటలోంచి తీసేశాను!"

"ఇది అన్యాయం!" అని ఎలాదియో వీధంతా అరుచుకుంటూ పోయాడు. మలుపు తిరిగాక ఈల వేసుకుంటున్నట్టు వినిపించింది.

పెద్దాయన ఆయాసపడుతూ కూర్చున్నాడు. చెంపలు ఎర్రబడ్డాయి.

"సంచి లోపల పెట్టేయమ్మా," అన్నాడు. "రేపు మళ్లీ వస్తాడు వీడు. నేను లేకపోతే గెలిచాననుకుంటాడు."